పుట్టిన ఊరి నీరు

2004 ఏప్రిల్ మాసంలో ఒక సాయంకాలం, మధ్య చైనాలోని చాంగ్‌షా విమానాశ్రయంలో అమెరికా దేశస్థులైన పది కుటుంబాలవారు దిగారు. వారి సామానుతోపాటు పసిపిల్లలను కూర్చోబెట్టే తోపుడుబండ్లు పది దిగాయి. అన్నీ ఖాళీవే. వాటిలో కూర్చోవలసినవారు ఇంకా ఆ నగరానికి వచ్చి చేరలేదు.

ఆ పది కుటుంబాలలో ఒకటి మిన్నెసోటా రాష్ట్రం నుంచి వచ్చింది. భర్త ఉన్నత పాఠశాలలో చరిత్ర ఉపాధ్యాయుడు. భార్య ఆసుపత్రిలో నర్సు. తొమ్మిదేళ్ళ కొడుకు వారి వెంట ఉన్నాడు. భర్త చొక్కా లోపల, నడుముకు, ఒక గుడ్డసంచి కట్టి ఉన్నది. అందులో మడతపడని కొత్త నోట్లు మూడువేల డాలర్లు ఉన్నాయి. బిడ్డను పెంచిన శిశుసంక్షేమాలయానికి ఇవ్వవలసిన విరాళం అది. నలిగిన నోట్లు, చిరుగున్న నోట్లు తీసుకోరని వారికి ముందుగానే చెప్పారు. భార్య చేతిసంచిలో ఒక నోటుపుస్తకమూ, ఒక చిన్న ఫొటో ఉన్నాయి. ఫొటోలోని ఆడపిల్ల బొంతలాంటి దుస్తుల్లో కూర్చుని, నవ్వకుండా, సూటిగా చూస్తున్నది. దరఖాస్తు పెట్టిన ఆరేడు నెలలకు బీజింగ్‌లోని దత్తత వ్యవహారాల కేంద్రం పంపిన ఫొటో అది. దాని మీద చేతివేళ్ళ గుర్తులు అప్పటికే చాలా పడ్డాయి.

అంతకుముందు రెండు రోజులు బీజింగ్‌లో గడిచాయి. మహాకుడ్యం ఎక్కారు, నిషిద్ధ నగరం చూశారు. లోకమంతా చూసే ఆ వింతలను గురించి ఇక్కడ చెప్పవలసినది లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పవచ్చు. ఆ ప్రాంగణాలలో ఈ పది కుటుంబాలవారు చక్రవర్తుల సింహాసనాలకంటె సందర్శకుల చంకలలోని పసిపిల్లలనే ఎక్కువసేపు చూశారు.

ఇంతమంది విదేశీయులు చైనాకు ఖాళీ బండ్లతో ఎందుకు వస్తున్నట్లు? ఒక్కరే సంతానం అన్న విధానాన్ని చైనా ప్రభుత్వం 1980లో దేశమంతటా అమలుకు తెచ్చింది. పల్లెల్లో దానికి ప్రతిఘటన రాగా, 1984 తర్వాత అనేక రాష్ట్రాలు కొంత సడలింపు ఇచ్చాయి. మొదటి బిడ్డ ఆడపిల్ల అయితే రెండవ కాన్పుకు అనుమతి లభించేది. ఆ రెండవ బిడ్డ కూడా ఆడపిల్ల అయితే ఏమి చేయాలన్న ప్రశ్నకు మాత్రం చట్టం దగ్గర జవాబు లేదు. వయసు మళ్ళిన రైతుకు ఆ రోజుల్లో పింఛను ఉండేది కాదు, కొడుకే ఆధారం. కూతురు పెళ్ళి చేసుకుని మరొక ఇంటికి వెళ్ళిపోతుంది. ఆడపిల్ల ‘ఆడ’ పిల్లే కాని ‘ఈడ’ పిల్ల కాదని తెలుగు పల్లెల్లో అనుకునే మాటను చైనా పల్లెలకు ఎవరూ నేర్పనవసరం లేకపోయింది. అదనపు బిడ్డకు జరిమానా భారీగా ఉండేది. బిడ్డను విడిచిపెట్టడమూ నేరమే. అందువల్ల తెల్లవారకముందే బజారు ద్వారం దగ్గరో, ఆసుపత్రి మెట్ల మీదో, పోలీసు ఠాణా ఎదుటో పసిగుడ్డును ఉంచి, ఎవరి కంటా పడకుండా తప్పుకునేవారు. కొందరు పుట్టిన తేదీ రాసిన కాగితం ముక్కను గుడ్డలలో దోపేవారు.

1992 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన దత్తత చట్టం విదేశీయులకు తలుపు తెరిచింది. అదే చట్టం స్వదేశీయులకు సగం మూసింది. దత్తత తీసుకునేవారికి 35 ఏళ్ళు నిండాలనీ, సంతానం ఉండరాదనీ నియమం పెట్టింది. దొరికిన ఆడపిల్లను చేరదీసి పెంచుకుంటున్న చైనా కుటుంబాలు ఎన్నో ఉన్నా, వాటిలో అనేకం ఆ బిడ్డను తమదిగా నమోదు చేయించుకోలేకపోయాయి. అమెరికా పరిశోధకురాలు కే ఆన్ జాన్సన్ ఈ విషయాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించి గ్రంథస్థం చేశారు. చైనా ప్రజలు ఆడపిల్లలను వద్దనుకున్నారన్న మాట సగమే నిజమని ఆమె రచనల సారాంశం. 1999లో వయోపరిమితి 30కి తగ్గి, నియమాలు సడలే సరికి శిశుసంక్షేమాలయాల నుంచి విదేశాలకు దారి రాజమార్గమై ఉన్నది.

ఆ రాజమార్గంలోనే మిన్నెసోటా దంపతులూ వచ్చారు.

రెండు రకాల కన్నీళ్ళు

చాంగ్‌షా చేరిన మరునాడు మధ్యాహ్నం అందరినీ ఒక ప్రభుత్వ కార్యాలయంలోని పెద్ద గదిలో కూర్చోబెట్టారు. మూడు గంటల ప్రయాణ దూరంలోని ఒక పట్టణం నుంచి పిల్లలు వ్యానులో వచ్చారు. ఒక్కొక్క బిడ్డను ఎత్తుకుని ఒక్కొక్క ఆయా లోపలికి వచ్చింది. చైనాలో పిల్లలు వారిని ‘ఆయీ’ అంటారు. పిన్ని అని అర్థం. తెలుగువారి ‘ఆయా’కు ఆ మాటకు చుట్టరికం లేకపోయినా పని ఒక్కటే.

పేరు పిలిచారు. భార్య లేచి చేతులు చాచింది. పది నెలల పిల్ల మూడు దొంతరల దుస్తులతో, అనుకున్నదానికంటె బరువుగా ఆమె చేతుల్లోకి వచ్చింది. ఒక నిమిషంపాటు కొత్త ముఖాన్ని ఫొటోలో చూసినట్లే చూసింది. తర్వాత తల తిప్పి ఆయా కోసం వెదికింది. ఆయా రెండడుగులు వెనక్కి వేసి ఉండటం చూసి, ఇక గుక్కపట్టి ఏడ్చింది. ఆయా ముఖం గోడవైపు తిప్పుకున్నది.

ఆ గదిలో పెద్దలు సంతోషంతో కన్నీరు పెట్టుకుంటున్నారు. పిల్లలు దుఃఖంతో ఏడుస్తున్నారు. రెండు కన్నీళ్ళూ ఒకటి కావు. ఆసుపత్రిలో ఎందరో పసిపిల్లల ఏడుపు విన్న ఆ నర్సుకు ఇది వేరుగా వినిపించింది. ఆకలి ఏడుపు కాదు, నొప్పి ఏడుపు కాదు. ఎవరినో పోగొట్టుకున్నవారి ఏడుపు అది. రెండేళ్ళుగా ఆ దంపతులు ఈ ఘడియను ఒక లాభంగానే ఊహించుకున్నారు. దానికి మరొక వైపు ఉంటుందని వారికి అప్పుడు తోచింది.

దుబాసీగా వచ్చిన యువతి ఆయాను పిలిచి అడిగింది: “పిన్నీ, ఈ పిల్ల అలవాట్లు ఏమిటో చెప్పండి.” ఆయా గోడవైపు నుంచి తిరగకుండానే చెప్పింది. ఆకలైతే ఏడవదు. నిద్ర వచ్చినప్పుడు కుడిచెవి పట్టుకుంటుంది. పాలు బాగా వేడిగా ఉండాలి. పక్క ఉయ్యాలలోని పిల్ల కనిపించకపోతే బెంగపెట్టుకుంటుంది. భార్య ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, మరొక చేత్తో ఆ నాలుగు మాటలూ నోటుపుస్తకంలో రాసుకున్నది.

మరునాడు అధికారుల ఎదుట ప్రశ్నలు జరిగాయి. ఈ బిడ్డ మీకు సమ్మతమేనా? చదువు చెప్పిస్తారా? ఎన్నడూ విడిచిపెట్టమని, హింసించమని మాట ఇస్తారా? దంపతులు మాట ఇచ్చి సంతకాలు చేశారు. బిడ్డకు సంతకం రాదు గనుక ఆమె పాదాన్ని ఎర్రని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తారు. ఆ ఎరుపు రెండు రోజులదాకా అరికాలు నుంచి వదలలేదు.

ఆ రోజు కాగితాలన్నీ సర్దుతూ దుబాసీ అన్నది: “అమ్మా, ఇక్కడ మీరు ఏమి చూస్తే అది రాసిపెట్టుకోండి. ఈ పిల్లకు ఏదీ గుర్తుండదు. రేపు అడగవలసి వస్తే మిమ్మల్నే అడుగుతుంది.”

అప్పటినుంచి ఆ కుటుంబపు ప్రయాణం మారిపోయింది. చూస్తున్నది తమ కోసం కాదు. చూడవలసిన మనిషి ఒడిలో నిద్రపోతున్నది. ఆమె బదులు చూస్తున్నారు.

కూరగాయల బజారు ద్వారం

బిడ్డకు చైనా పాస్‌పోర్టు రావడానికి వారం రోజులు పట్టేది. ఆ వ్యవధిలో బిడ్డ పెరిగిన పట్టణానికి వెళ్ళి రావడానికి అనుమతి దొరికింది. దారి పొడవునా ఎర్రమట్టి గుట్టలు, వాటి మధ్య నారుమళ్ళు, మోకాలిలోతు నీళ్ళలో గేదెలు, వంగి పనిచేస్తున్న ఆడవాళ్ళు. కోనసీమ నుంచో కరీంనగరం నుంచో వెళ్ళినవారికి అక్కడ కొత్తగా కనిపించేవి ఇంటి కప్పుల వంపు, బోర్డుల మీది అక్షరాలు మాత్రమే.

శిశుసంక్షేమాలయం మూడంతస్తుల భవనం. గదిలో వరుసగా ఉయ్యాలమంచాలు ఉన్నాయి. ఒకటి ఖాళీగా ఉన్నది. ఇంకా కొత్త దుప్పటి వేయలేదు. భర్త ఫొటోలు తీశాడు. భార్య గోడల రంగు, కిటికీలోనుంచి కనిపించే చెట్టు, వంటింటి నుంచి వచ్చే గంజి వాసన రాసుకున్నది.

బిడ్డ దొరికిన చోటు కాగితాల ప్రకారం కూరగాయల బజారు ద్వారం. తేదీ 2003 జూన్. వేళ తెల్లవారుజాము. ద్వారం ఇనుపది; ఆకుపచ్చ రంగు పెచ్చులూడుతున్నది. పక్కన ఒక ముసలమ్మ ముల్లంగి దుంపలు కుప్పగా పోసుకుని కూర్చున్నది. తొమ్మిదేళ్ళ కొడుకు అక్కడ ఒక గులకరాయి ఏరి జేబులో వేసుకున్నాడు.

“అమ్మా, చెల్లిని ఇక్కడ పెట్టినవాళ్ళు, ఎవరైనా తీసుకునేదాకా ఎక్కడైనా నిలబడి చూశారంటావా?” అని అడిగాడు.

తల్లి దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్లు నోటుపుస్తకంలో రాసింది. దానికింద మరొక వాక్యం కూడా రాసింది: తమతో వచ్చిన పదిమంది పిల్లలలో ముగ్గురి కాగితాలలో ఇదే ద్వారం పేరు ఉన్నది. అది ఎందుకు రాసిందో అప్పుడు ఆమెకే తెలియదు.

ఎండుమిర్చి, ఎరిగిన ముఖాలు

చాంగ్‌షా షియాంగ్ నది ఒడ్డున ఉన్న ప్రాచీన నగరం. నదికి అవతల యూయెలూ కొండ పాదంలో 976లో స్థాపించిన విద్యాపీఠం ఉన్నది. వెయ్యేళ్ళు దాటిన తర్వాత కూడా ఆ చోట చదువు సాగుతున్నది. నది మధ్యలో నారింజ లంక. విద్యార్థిగా ఉన్న రోజుల్లో మావో సేటుంగ్ తిరిగిన నగరం ఇది.

హునాన్ వంటకు మిరపకాయే ప్రాణం. కారం లేని కూర హునాన్‌వారికి సహించదు. అక్కడి అమ్మాయిలను ‘కారపు పిల్ల’ అని ముద్దుగా అంటారు. మిరప పుట్టినది అమెరికా ఖండంలో. నాలుగైదు వందల ఏళ్ళలో అది సముద్రాలు దాటి వచ్చి గుంటూరుకూ హునాన్‌కూ స్వంత పంట అయిపోయింది. ఈ పిల్ల ఎదురు దిశలో ప్రయాణం కట్టింది.

వీధిలో నడుస్తుంటే ఎరుగని ముసలమ్మలు అడ్డువచ్చి బిడ్డ చొక్కా చేతులు కిందికి లాగేవారు. మేజోళ్ళు ఏవని తల్లిని గట్టిగా కేకలేసేవారు. ఎండ కాస్తున్నా సరే, బిడ్డకు మూడు దొంతరలు ఉండవలసిందే. మొదటి రోజు ఆ తల్లి నొచ్చుకున్నది. మూడవ రోజుకు ఆ కేకలలోని మమకారం అర్థమైంది. ఈ పిల్ల మీద హక్కు ఉన్నట్లు మాట్లాడుతున్నారంటే, ఈ పిల్లను తమదిగా అనుకుంటున్నారన్నమాట. ఒక ముసలామె బిడ్డ బుగ్గ నిమిరి ఏదో అన్నది. “అదృష్టవంతురాలు అంటున్నది” అని దుబాసీ చెప్పింది. తల్లి ఏమీ అనలేకపోయింది. ఖాళీ ఉయ్యాలమంచం ఆమెకు గుర్తుకు వచ్చింది.

ఒక రోజు రాష్ట్ర సంగ్రహాలయానికి వెళ్ళారు. 1972లో చాంగ్‌షా శివార్లలోని మావాంగ్‌దుయి సమాధిని తవ్వినప్పుడు బయటపడిన షిన్ జుయి అనే ప్రభుపత్ని దేహం అక్కడ ఉన్నది. రెండువేల నూరేళ్ళు దాటినా చర్మం మెత్తగానే ఉండటం లోకాన్ని ఆశ్చర్యపరిచింది. వైద్యులు పరీక్షించగా ఆమె కడుపులో 138 ఖర్బూజా గింజలు దొరికాయి. మరణానికి కొద్దిసేపటి ముందు ఆమె ఖర్బూజా పండు తిన్నదని అందువల్ల తేలింది.

చరిత్ర ఉపాధ్యాయుడు ఆ అద్దాల పెట్టె ఎదుట చాలాసేపు నిలబడ్డాడు. ఇన్ని శతాబ్దాల కిందటి స్త్రీ చివరిసారి ఏమి తిన్నదో ఈ నగరంలో తెలుసు. తన భుజం మీద నిద్రిస్తున్న పది నెలల పిల్లను కన్నది ఎవరో చెప్పగలవారు మాత్రం లేరు.

శ్వేతహంస

ఆ రోజుల్లో అమెరికా వెళ్ళే దత్తపుత్రికలందరికీ వీసా ఇచ్చేది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జో నగరంలోని అమెరికా కాన్సులేట్ ఒక్కటే. అందుచేత ఏ రాష్ట్రంలో బిడ్డను తీసుకున్నా ప్రతి కుటుంబమూ చివరకు గ్వాంగ్‌జో చేరవలసి ఉండేది. కాన్సులేట్ ఆ రోజుల్లో షామియన్ అనే చిన్న లంకలో ఉండేది. రెండవ నల్లమందు యుద్ధం తర్వాత బ్రిటిష్‌వారూ ఫ్రెంచివారూ చైనా చేత రాయించుకున్న లంక అది. ఊడలమర్రి వంటి చెట్ల నీడలో పాత ఐరోపా భవనాలు, ఒక వైపు కాలువ, మరొక వైపు ముత్యాల నది.

నది అంచున 1983లో తెరిచిన వైట్ స్వాన్ హోటలు నిలిచి ఉన్నది. అందులో ప్రతి వారమూ వందల కొద్దీ పిల్లల ఏడుపులు, నవ్వులు కలసి వినిపించేవి. చుట్టుపక్కల దుకాణాలవారు తోపుడుబండ్లు ఉచితంగా ఎరువిచ్చేవారు. ఒక బొమ్మల కంపెనీ ప్రత్యేకంగా చేయించిన బార్బీ బొమ్మను హోటలు ప్రతి బిడ్డకూ బహూకరించేది. తెల్ల బొమ్మ చంకలో చిన్న చైనా పాప. ఒక బృందపు పిల్లలందరినీ ఎర్రని సోఫా మీద వరుసగా కూర్చోబెట్టి ఫొటో తీయడం అక్కడి ఆచారం. పది నెలలు పక్క పక్క ఉయ్యాలలలో పడుకున్న పిల్లలు ఆ ఫొటో కోసం కలసి కూర్చుని, మరునాడు పది దిక్కులకు విడిపోయేవారు.

వైద్యపరీక్ష ముగిసింది. కాన్సులేట్ అధికారి ఎదుట కుడిచేయి ఎత్తి ప్రమాణం చేయడం ముగిసింది. హోటలు లోపలి విశాలమైన చావడిలో కృత్రిమమైన జలపాతం ఒకటి కొండరాళ్ళ మీదుగా దుమికేది. దాని మీద మూడు చైనా అక్షరాలు ఉన్నాయి. బయలుదేరే ముందు ఆ నలుగురూ జలపాతం ఎదుట ఫొటో తీయించుకున్నారు. అక్షరాల అర్థం వారు ఎవరినీ అడగలేదు. 2001 నుంచి అమలులో ఉన్న చట్టం వల్ల, విమానం అమెరికా గడ్డ తాకి లాంఛనాలు ముగియగానే ఆ పిల్ల అమెరికా పౌరురాలయింది. ఆ రాత్రి కుడిచెవి పట్టుకుని నిద్రపోయింది.

మూసుకున్న తలుపు

2005లో చైనా నుంచి అమెరికాకు వెళ్ళిన దత్తశిశువుల సంఖ్య దాదాపు 7,900. అంతకుముందు గాని తర్వాత గాని ఏ సంవత్సరమూ అంతమంది వెళ్ళలేదు. ఆ సంవత్సరమే నవంబరులో హునాన్ రాష్ట్రంలోని హెంగ్యాంగ్ ప్రాంతం నుంచి ఒక వార్త వచ్చింది. దళారులు పసిపిల్లలను కొని శిశుసంక్షేమాలయాలకు అమ్మినట్లూ, దొరికిన చోటు గురించి కాగితాలలో కట్టుకథలు రాసినట్లూ బయటపడింది. 2006 ఫిబ్రవరిలో పదిమందికి న్యాయస్థానం శిక్ష వేసింది. అదే రాష్ట్రంలోని షావోయాంగ్ ప్రాంతంలో కుటుంబ నియంత్రణ అధికారులు జరిమానా కట్టలేనివారి బిడ్డలను బలవంతంగా తీసుకువెళ్ళిన ఉదంతాలను 2011లో చైనా పత్రికే ఒకటి ప్రచురించింది.

విదేశీ దత్తత సాగిన ప్రతి దేశంలోనూ ఈ ప్రమాదం తలెత్తింది. భారత సుప్రీంకోర్టు 1984లో లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యంలో తీర్పు చెబుతూ, బిడ్డకు మొదట స్వదేశంలోనే ఇల్లు వెదకాలనీ, దత్తత వ్యాపారం కారాదనీ కట్టుదిట్టాలు చేయవలసి వచ్చింది. వాత్సల్యం వెంట డబ్బు నడిచినప్పుడు, ఆ రెంటిలో ఏది ముందు నడుస్తున్నదో కనిపెట్టడం కష్టం.

మిన్నెసోటాలో ఆ తల్లి వార్త చదివి నోటుపుస్తకం తీసింది. ముగ్గురు పిల్లలు, ఒకే ద్వారం. అది నిజం కావచ్చు. రద్దీ బజారు గనుక చాలామంది అక్కడే విడిచి ఉండవచ్చు. ఎవరో కూర్చుని ఒకే వాక్యాన్ని ముగ్గురి కాగితాలలో రాసి ఉండవచ్చు కూడా. భార్యాభర్తలు ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నారు. పుస్తకాన్ని దాచివేయడమా, ఉంచడమా అన్నది ప్రశ్న. ఒక్క వాక్యమూ కొట్టివేయకుండా ఉంచాలనీ, పిల్లకు అర్థమయ్యే వయసు రాగానే ఇవ్వాలనీ నిశ్చయించుకున్నారు. పన్నెండేళ్ళు నిండిన రోజున ఇచ్చారు. పిల్ల మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాలుగవ రోజున వచ్చి, “నేను వెళ్ళి చూడాలి” అన్నది.

ఈలోగా చైనా మారింది. కోరినవారి సంఖ్య పెరిగి, పంపే పిల్లల సంఖ్య తగ్గి, నిరీక్షణ 2010 నాటికి నాలుగేళ్ళు దాటింది. తర్వాతి ఏళ్ళలో దత్తతకు వెళ్ళినవారిలో ఎక్కువమంది ఏదో ఒక శారీరక లోపం ఉన్న పిల్లలే. 2016 జనవరి 1 నుంచి ఇద్దరు సంతానానికి, 2021లో ముగ్గురికి అనుమతి వచ్చింది. 2024 సెప్టెంబరు 5న, సమీప బంధువులకూ సవతి తల్లిదండ్రులకూ తప్ప విదేశీయులకు ఇక పిల్లలను దత్తత ఇవ్వబోమని చైనా విదేశాంగ శాఖ ప్రకటించింది. ముప్పయి రెండేళ్ళలో ఆ తలుపు గుండా దాదాపు 1,60,000 మంది పిల్లలు వెళ్ళారు. వారిలో సగానికి పైగా అమెరికా చేరారు.

తిరుగు ప్రయాణం

తలుపు మూతపడటానికి ఐదేళ్ళ ముందు, 2019 వేసవిలో, పదహారేళ్ళ ఆ అమ్మాయి తల్లిదండ్రులతో, అన్నతో హునాన్ వెళ్ళింది. బడిలో నాలుగేళ్ళు చైనా భాష నేర్చుకున్నది. నోటుపుస్తకం ఆమె భుజాన వేలాడే సంచిలో ఉన్నది.

శిశుసంక్షేమాలయం కొత్త భవనంలోకి మారింది. వెనుకటి ఆయాలలో మిగిలిన ఒక పెద్దామెను పిలిపించారు. అమ్మాయి తన పసినాటి ఫొటో చూపింది. పెద్దామె ఫొటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపింది. “చాలామంది ఉండేవారు తల్లీ. గుర్తున్నదని అబద్ధం చెప్పలేను” అన్నది. తర్వాత అమ్మాయి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదలలేదు.

కూరగాయల బజారు ఉన్నచోట అంగళ్ళ సముదాయం లేచింది. ఇనుప ద్వారం లేదు. పాత ఫొటోలోని మలుపును బట్టి అన్నయ్య ఆ చోటు గుర్తుపట్టి, పదిహేనేళ్ళుగా దాచిన గులకరాయిని చెల్లెలి చేతిలో పెట్టాడు. ఆమె దానిని అక్కడ వదలలేదు. తన జేబులోనే వేసుకున్నది. కన్నవారి కోసం వెదకే మరెందరో దత్తపుత్రికలలాగే జన్యుపరీక్షకు నమూనా ఇచ్చింది. ఆ రాత్రి హునాన్ కూర తిని, నీళ్ళు కారే కళ్ళతో నవ్వి, మళ్ళీ వడ్డించమన్నది.

తిరుగు ప్రయాణంలో గ్వాంగ్‌జోలో ఆగారు. కాన్సులేట్ లంక నుంచి ఎప్పుడో తరలిపోయింది. వైట్ స్వాన్ హోటలు మరమ్మతుల కోసం కొన్నేళ్ళు మూతబడి, 2015లో మళ్ళీ తెరుచుకున్నది. జలపాతం అలాగే దుముకుతున్నది.

తల్లి పాత ఫొటో పక్కన పెట్టుకుని, “ఆ మూడు అక్షరాలూ ఏమిటమ్మా?” అని అడిగింది.

అమ్మాయి ఒక్కొక్క అక్షరమే చదివింది. “గూ, షియాంగ్, ష్వే. పుట్టిన ఊరి నీరు.”

విదేశాలకు వలసపోయి, ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చే చైనావారికి ఇంటికి చేరామనిపించాలని హోటలు కట్టినవారు పెట్టిన పేరు అది. దాని ఎదుటే ఇన్నివేల మంది పిల్లలు దేశం విడిచే ముందు కూర్చున్నారు. వారిలో ఎవరికీ చదవడం రాదు, ఎత్తుకున్నవారికీ రాదు.

నోటుపుస్తకంలో చివరి పుట ఖాళీగా ఉన్నది. అమ్మాయి కలం అడిగి పుచ్చుకుని, తల్లి చేతిరాత ముగిసిన చోట తేదీ వేసి, ఆ మూడు అక్షరాలూ తన చేత్తో రాసింది.